ఆఫీసు చొక్కా: కొనడమా, కుట్టించుకోవడమా?

ఆఫీసు చొక్కా నాణ్యత గుడ్డలో, కోతలో, కుట్టులో ఉంటుంది. ధర మాత్రం ఈ మూడింటితో ఆగదు. కంపెనీ పేరు, కొట్టు అద్దె, ప్రకటనల ఖర్చు, తగ్గింపు కోసం ముందే పెంచి రాసిన అంకె కూడా అందులో కలుస్తాయి. కాబట్టి తక్కువ ఖర్చుతో మంచి చొక్కా కావాలనుకునేవారు ఇచ్చే డబ్బులో ఎంత భాగం చొక్కాకు పోతోందో, ఎంత భాగం పై హంగులకు పోతోందో ముందు తెలుసుకోవాలి.

బిలాస్‌పూర్‌లో ఈ అవసరం చాలా ఇళ్లలో ఉంది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2000 నుంచీ, ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం 2003 నుంచీ ఇక్కడే పనిచేస్తున్నాయి. బొగ్గు సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు ఉద్యోగాల కోసం ఈ లైన్ల మీదికి వచ్చి స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలో పెద్దలకు గుడ్డ కొని దర్జీకి ఇవ్వడం అలవాటు, పిల్లలకు రెడీమేడ్ అలవాటు. ఈ రెండు పక్షాలనూ రైల్వే అకౌంట్సులో రిటైరైన ఒక మేనమామ, బ్యాంకులో పనిచేసే మేనల్లుడు వాదించుకుంటే వచ్చే సంవాదం ఇది.

సరసమైన ధర

అల్లుడు: గుడ్డ కొని, దర్జీ చుట్టూ తిరిగి, పదిరోజులు ఆగే తీరిక ఇప్పుడెవరికుంది మామయ్యా? కొట్టుకెళ్తే అరగంటలో చొక్కా చేతికొస్తుంది. వేసుకుని అద్దంలో చూసుకున్నాకే డబ్బు కడతాం. కుట్టించిన చొక్కా ఎలా వస్తుందో గుడ్డ కోసేశాక గానీ తెలీదు. చెడిపోతే గుడ్డ డబ్బూ పోయింది, కూలీ పోయింది.

మామ: తొందరగా దొరకడం వేరు, గిట్టడం వేరు అల్లుడూ. చీటీ మీద అంకె చూసి చవక, ప్రియం అనేస్తే లెక్క తప్పుతుంది. ఆ అంకెని ఎన్నిసార్లు తొడుక్కుంటామో దానితో భాగించాలి. 600 పెట్టి కొన్న చొక్కా 30 ఉతుకులకి కాలరు పాడైతే రోజుకి 20 రూపాయలు పడినట్టు. 1,200 చొక్కా 120 ఉతుకులు మన్నితే రోజుకి పదే. చవకది కొన్నవాడే రెట్టింపు ఖర్చు పెట్టాడు.

అల్లుడు: ఆ లెక్క సరైనదే. కానీ అది రెడీమేడ్‌కీ వర్తిస్తుంది, దర్జీ చొక్కాకీ వర్తిస్తుంది. ఇంకోమాట కూడా ఉంది మామయ్యా. ధర పెరిగినకొద్దీ మన్నిక పెరుగుతూ పోదు. ఒక మెట్టు దాటాక నునుపు, మెరుపు, పేరు పెరుగుతాయి. రోజూ వేసుకునే చొక్కాకి ఆ మెట్టు దాటనక్కర్లేదు.

మామ: అదీ నిజమే. మరీ సన్న నూలు గుడ్డ మెత్తగా ఉంటుంది గానీ రాపిడికి తొందరగా లొంగుతుంది. పెళ్లికి పనికొస్తుంది, రోజువారీ కౌంటరు పనికి పనికిరాదు.

కనుక సరసమైన ధర అంటే అతి తక్కువ ధర అని అర్థం కాదు. వారంలో ఆరు రోజులు ఆఫీసుకు వెళ్లే మనిషికి, జీతంలో ఎక్కువ భాగం తినెయ్యకుండా, ఎక్కువ కాలం మర్యాదగా కనిపించే చొక్కాకు చెల్లించే ధర సరసమైనది. దాన్ని నిర్ణయించడానికి ముందు గుడ్డ చూడాలి.

గుడ్డ

మామ: కుట్టించుకోవడంలో మొదటి లాభం ఇక్కడే. తాను విప్పి, వెలుతురులో పట్టి, చేత్తో నలిపి చూసి కొంటాం. కవరులో పిన్నులు గుచ్చి మడిచిపెట్టిన చొక్కాలో ఏం తెలుస్తుంది? నూలు నంబరు అడిగితే చెప్పేవాళ్లు గుడ్డల కొట్లో ఇంకా ఉన్నారు.

అల్లుడు: నంబరంటే చాలామందికి అంకెగానే తెలుసు. దానివల్ల ఏం తేలుతుంది?

మామ: ఒక పౌను దూదిలోంచి 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే నూలు నంబరు. 40 నంబరు నూలైతే పౌనుకి 33,600 గజాలు, అంటే ముప్పై కిలోమీటర్లకి పైన. 100 నంబరైతే 84,000 గజాలు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. 40, 50, 60 నంబర్ల గుడ్డ రోజువారీ ఆఫీసుకి బాగా సరిపోతుంది. 80, 100 చూస్తే రెండు పోగులు కలిపి పేనిన నూలేనా అని అడగాలి. ఒంటి పోగు 100 నంబరు కంటే జంట పోగు 100 నంబరు గుడ్డ గట్టిది.

అల్లుడు: నేత కూడా చూడాలిగా. పాప్లిన్‌లో పడుగూ పేకా ఒకటి పైన, ఒకటి కింద సాదాగా సాగుతాయి. పలచగా, గాలాడుతూ ఉంటుంది. ట్విల్‌లో ఏటవాలు గీతలు కనిపిస్తాయి. కాస్త బరువు, మడత తక్కువ. ఆక్స్‌ఫర్డ్ ముతకగా, దిట్టంగా ఉంటుంది. ఇవన్నీ రెడీమేడ్ చీటీ మీద రాసే ఉంటున్నాయి.

మామ: రాసి ఉంటే సంతోషం. మే నెలలో బిలాస్‌పూర్ ఎండ నలభై డిగ్రీలు దాటితే పాలిస్టర్ చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. నూరుపాళ్లు నూలు తప్ప వేరే మాటే ఉండకూడదు.

అల్లుడు: అక్కడ ఒప్పుకోలేను మామయ్యా. వానాకాలంలో నూలు చొక్కా రెండు రోజులైనా ఆరదు. ఇస్త్రీ లేకపోతే పదింటికే నలిగిపోతుంది. పొద్దున్నే లోకల్ ఎక్కి కోర్బాకో రాయ్‌గఢ్‌కో డ్యూటీకి వెళ్లేవాడు రోజూ ఇస్త్రీకి ఎక్కడ ఇస్తాడు? నూలు 60, పాలిస్టర్ 40 కలిసిన గుడ్డ తొందరగా ఆరుతుంది, మడత నిలవదు, ధర కూడా తక్కువ.

ఈ చోట ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మామూలు గాలి తేమలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకోగలదు. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే నూలు చెమటను పీల్చుకుంటుంది, పాలిస్టర్ తొందరగా ఆరుతుంది. మార్చి నుంచి జూన్ వరకు నూలు, వాననెలల్లో నూలు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం పెట్టుకుంటే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. పాలిస్టర్ పాలు సగం దాటితే వేసవి ఆఫీసుకు ఆ గుడ్డ తగదు.

ఇస్త్రీ అక్కర్లేదని అమ్మే నూరుపాళ్ల నూలు చొక్కాల సంగతి వేరు. వాటి గుడ్డకు రెజిన్ పట్టించి వేడి చేస్తారు. దాంతో మడత తగ్గుతుంది గానీ నూలు పోగు బలం కూడా తగ్గుతుంది. అందుకే కాలరు అంచు, కఫ్ మడత ముందుగా అరుగుతాయి. సౌకర్యం కోసం కొనవచ్చు, మన్నిక కోసం కొనకూడదు.

గుడ్డను పరీక్షించడానికి యంత్రాలు అక్కర్లేదు. పిడికిట్లో కాసేపు నలిపి వదిలితే మడత ఎంత నిలుస్తుందో తెలుస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే నేత సమంగా ఉందో, అక్కడక్కడ పలచబడిందో కనిపిస్తుంది. తెల్లని తడి చేతిరుమాలుతో రుద్దితే కారే రంగు అంటుకుంటుంది. అంచు నుంచి తీసిన ఒక పోగును కాలిస్తే నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ పరీక్ష తానుల కొట్లో చేయవచ్చు. రెడీమేడ్ కొట్లో చీటీ మీద రాసిన పాళ్లను నమ్మాలి, ఆ చీటీని దాచుకోవాలి.

కొలత, కోత

మామ: మనుషులంతా ఒక్క అచ్చులో పోసినట్టు ఉండరు. ఒకరికి పొట్ట ముందుకుంటుంది, ఒకరికి ఓ భుజం దిగి ఉంటుంది, ఒకరికి చేతులు పొడుగు. రెడీమేడ్ కంపెనీకి ఐదారు సైజులే ఉంటాయి. దర్జీకి ప్రతి మనిషీ ఒక సైజు.

అల్లుడు: మంచి దర్జీ దొరికితే ఆ మాట నిజం. కానీ కొలత తీసే మాస్టరు వేరు, కోసేవాడు వేరు, ముక్కల లెక్కన కుట్టే కారిగరు వేరు అవుతున్నారు. దసరా ముందు ఇచ్చిన చొక్కా దీపావళికి రావడం, చంక దగ్గర బిగవడం చాలా ఇళ్లలో జరిగేదే. కంపెనీ చొక్కా ఈసారి 40 సరిపోతే మళ్లీ 40 కొంటే చాలు.

మామ: ఒకే కంపెనీలో కూడా స్లిమ్ ఫిట్ 40 వేరు, రెగ్యులర్ 40 వేరు.

అల్లుడు: అందుకే చొక్కాని బల్లమీద పరిచి టేపుతో కొలవాలి. ఇంట్లో బాగా సరిపోయే పాత చొక్కా కొలతలు ఒక చీటీమీద రాసుకుంటే ఏ కొట్లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా మోసపోం.

మన దేశంలో అమ్మే ఆఫీసు చొక్కాల మీద 38, 39, 40, 42, 44 అని కనిపించే అంకె సాధారణంగా మెడ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. పై బొత్తాం పెట్టుకున్నాక కాలరుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. చేయి మణికట్టు ఎముకను కప్పాలి. చేతులు పైకెత్తినా చొక్కా ప్యాంటులోంచి బయటికి రాకూడదు. కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర బొత్తాల మధ్య నోరు తెరవకూడదు.

వీటిలో కొన్ని లోపాలు తర్వాత సరిదిద్దగలిగినవి. పక్కలు లోపలికి పట్టడం, చేతుల పొడుగు తగ్గించడం, కింది అంచు కురచ చేయడం పేట దర్జీకి చిన్న పని. కాలరు చిన్నదైనా, భుజం జారినా సరిచేయడం కష్టం. అంచేత రెడీమేడ్ ఎంచుకునేటప్పుడు కాలరు, భుజం సరిపోయినదే తీసుకొని మిగతావి దర్జీ దగ్గర దిద్దించుకోవడం మేలు. ఇది రెండు పక్షాలకూ మధ్య దారి.

కుట్టించుకునేవారు గుడ్డ కొలత తెలుసుకోవాలి. 58 అంగుళాల పన్నాకు ఫుల్ హ్యాండ్స్ చొక్కాకు 1.60 మీటర్లు సరిపోతుంది. 36 అంగుళాల పన్నాకు 2.25 నుంచి 2.50 మీటర్లు కావాలి. పొడుగు, లావు ఉన్నవారికి, గళ్ల గుడ్డకు కొంచెం ఎక్కువ తీసుకోవాలి. నూలు గుడ్డను ఇంట్లో ఒకసారి తడిపి ఆరేసి దర్జీకి ఇవ్వాలి. కుట్టాక కుదించుకుపోతే కాలరు మెడకు పట్టదు. నేసిన గుడ్డ ముందే కుదించే సాన్‌ఫరైజింగ్ పద్ధతిని 1930 ప్రాంతంలో అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ రూపొందించాడు. ఆ ముద్ర ఉన్న గుడ్డకు ఈ భయం తక్కువ.

కాలరు, కుట్టు, బొత్తాం

అల్లుడు: కాలరు విషయంలో మాత్రం ఫ్యాక్టరీదే పైచేయి మామయ్యా. లోపలి అస్తరును వేడితో, ఒత్తిడితో సమంగా అంటిస్తారు. దర్జీ ఇస్త్రీపెట్టెతో అంటించిన బకరం రెండు ఉతుకులకే బుడగలు లేస్తుంది.

మామ: నాసిరకం బకరం వేస్తే లేస్తుంది. మంచి బకరం తెచ్చి, తడిపి వేసే దర్జీ కాలరు గుడ్డ చిరిగేదాకా నిలుస్తుంది. చవక రెడీమేడ్ కాలర్లు బుడగలెత్తడం కూడా చూస్తూనే ఉన్నాం. ఎవరు చేశారన్నది కాదు అల్లుడూ, ఏం వేశారన్నది ముఖ్యం. దర్జీకి గుడ్డ ఇచ్చేటప్పుడే బకరం ఏదో అడగాలి. నాలుగు రూపాయలు ఎక్కువైనా మంచిదే వేయమనాలి.

అల్లుడు: మరి రెడీమేడ్‌లో ఎలా తెలుసుకోవాలి?

మామ: కాలరు కొనని రెండు వేళ్లతో రుద్ది చూడు. లోపలి పొర విడిగా జారితే సరిగా అంటలేదన్నమాట. రెండు కొనలు పక్కపక్కన పెడితే పొడుగు సమానంగా ఉండాలి. తర్వాత చొక్కా తిరగేసి చూడు. లోపలి కుట్టు అబద్ధం చెప్పదు.

చొక్కాను తిరగేసి చూసేవారికి నాణ్యత తేలిగ్గా తెలుస్తుంది. పక్క కుట్టులో గుడ్డ అంచులు మడతలోపల దాగి ఉంటే పీచు లేవదు, కుట్టు విడదు. ఓవర్‌లాక్ ఒక్కటే వేసి వదిలితే అది చవక పని. అంగుళానికి కుట్లు లెక్కపెట్టవచ్చు. పది కంటే తక్కువైతే నాసి, పద్నాలుగు దాటితే మంచిది, ఖరీదైన చొక్కాల్లో పద్దెనిమిది దాటుతాయి. చారల, గళ్ల గుడ్డ అయితే జేబు మీది గీత చొక్కా గీతతో, ఎడమ పక్క గీత కుడి పక్క గీతతో కలవాలి. అలా కలపడానికి గుడ్డ ఎక్కువ పడుతుంది, కాబట్టి ఎక్కడ పొదుపు చేశారో అక్కడ గీత తప్పుతుంది.

కాజా అంచు దట్టంగా, పోగులు వేలాడకుండా ఉండాలి. బొత్తాం కింద దారం ఒక కొస లాగితే మొత్తం ఊడివచ్చే గొలుసు కుట్టయితే, కొన్న రోజే ఇంట్లో సూదితో ముడివేసుకోవడం మంచిది. లోపలి పక్క కుట్టు దగ్గర అదనపు బొత్తాం ఒకటి కుట్టి ఉండటం శ్రద్ధగల తయారీకి గుర్తు.

పేరు, తగ్గింపు, పన్ను

మామ: ఇక ధర సంగతి. పెద్ద పేరున్న చొక్కా ధరలో సగం పేరుకే పోతుందని అంటే తప్పా?

అల్లుడు: సగమో పావో చెప్పలేం గానీ, పేరుకి కొంత పోతుందన్నది నిజం. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, అలెన్ సోలీ, పీటర్ ఇంగ్లండ్ నాలుగూ వేరు వేరు ధరల్లో ఉంటాయి. మన దేశంలో నాలుగూ అమ్మేది ఆదిత్య బిర్లా గ్రూపే. ఆ గ్రూపు 1999లో మదురా గార్మెంట్స్‌ని కొన్నది. ఒకే ఇంటివాళ్లు వేరువేరు జేబులకి వేరువేరు పేర్లతో అమ్ముతున్నప్పుడు పేరు చూసి భయపడక్కర్లేదు, పేరు చూసి మురిసిపోనూ అక్కర్లేదు. గుడ్డ చీటీ, కుట్టు పోల్చుకోవాలి.

మామ: తగ్గింపు అమ్మకాల్లో కొంటే?

అల్లుడు: జనవరి, జులై నెలల్లో సీజన్ చివరి అమ్మకాలు వస్తాయి. అప్పుడు కొంటే లాభమే. కానీ లెక్క జాగ్రత్త. 50 శాతం పైన మళ్లీ 20 శాతం అంటే 70 కాదు. 2,000 చొక్కా ముందు 1,000 అవుతుంది, దానిమీద 20 శాతం పోతే 800. అంటే మొత్తం తగ్గింపు 60 శాతం. రెండు కొంటే ఒకటి ఉచితమంటే మూడింటి మీద మూడోవంతు తగ్గినట్టు. ఒక్కటే కావలసినవాడికి అది తగ్గింపే కాదు, అదనపు ఖర్చు.

మామ: మరి దర్జీ లెక్క? మీటరు 450 గుడ్డ 1.60 మీటర్లకి 720. కుట్టుకూలి 400 అనుకుంటే 1,120. ఇది లెక్క కోసం అనుకున్నదే, ఊరిని బట్టి, చేతిని బట్టి మారుతుంది. 1,999 చొక్కా 40 శాతం తగ్గించి అమ్మితే 1,199. ఇంచుమించు సమానం. తగ్గింపు లేనప్పుడు దర్జీ చొక్కా చవక.

అల్లుడు: తగ్గింపు ఉన్నప్పుడు రెడీమేడ్ సమానం. ఒప్పుకున్నాను.

పన్ను సంగతి కూడా ఈ లెక్కలో భాగమే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో వస్త్రం అమ్మకం ధర 2,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అంతకుముందు 1,000 వరకు 5, దాటితే 12 ఉండేది. రోజువారీ ఆఫీసు చొక్కాకు 2,500 దాటవలసిన అవసరం సాధారణంగా రాదు. దాటితే పన్ను భారం ఒక్కసారిగా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

చీటీ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. తగ్గింపు ధర మీద మళ్లీ పన్ను కలిపి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లో తేల్చింది. బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచితమే. మొదటి ఉతుకుకే రంగు కారినా, కాలరు బుడగలెత్తినా బిల్లు పట్టుకుని వెళ్లి అడగవచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జిల్లా కమిషన్‌లో 5 లక్షల విలువ వరకు ఫిర్యాదుకు రుసుము లేదు.

ఎక్కడ కొనాలి

మామ: రైల్వే వాళ్లకి బుధవారీ బజారు దగ్గర. గుడ్డలకి గోల్ బజార్, సదర్ బజార్. ఎక్కువ చొక్కాలు ఒకేసారి కుట్టించేవాళ్లు రాయ్‌పూర్ వెళ్లి పండ్రీ గుడ్డల మార్కెట్లో తానులు తెస్తారు. రైలులో 110 కిలోమీటర్లే.

అల్లుడు: ఒక్క చొక్కాకి అంత దూరం వెళ్తే మిగిలింది దారి ఖర్చులో పోతుంది. ఇంటిల్లిపాదికీ, లేదా నలుగురైదుగురు కలిసి వెళ్తే గిట్టుతుంది. మాల్‌లో చూసి సైజు తెలుసుకుని, అదే కంపెనీది సీజన్ చివర కొనడం ఇంకా తేలిక.

మామ: మనవాళ్లు ఊరెళ్లినప్పుడు చేసే పని ఒకటుంది. కోర్బా–విశాఖపట్నం లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరంలో దిగితే పొందూరు దగ్గరే. పొందూరు ఖాదీ చేత్తో వడికి, చేత్తో నేసిన నూలు. సన్న రకం తీసుకుంటే వేసవికి దానికి సాటి లేదు. అక్టోబరు 2 తర్వాత ఖాదీ భండార్లు తగ్గింపు ఇస్తాయి.

అల్లుడు: ఖాదీకి ఇస్త్రీ, గంజీ తప్పవు.

మామ: తప్పవు. అందుకే రోజువారీకి రెండు చాలు, మిగిలినవి మిల్లు గుడ్డ. పండగకీ, పెళ్లికీ అయితే యాభై కిలోమీటర్ల దూరంలో చాంపా ఉంది. అక్కడి కోసా పట్టు చొక్కా ఏళ్ల తరబడి ఉంటుంది.

ఎగుమతిలో మిగిలిన సరుకు అని చెప్పి అమ్మే చొక్కాలు కొన్ని నిజంగానే మంచివి, కొన్ని తనిఖీలో తీసేసినవి. చంక, కాలరు, కాజా, రెండు చేతుల పొడుగు వెలుతురులో చూసి తీసుకుంటే లాభం. మడిచిన కవరు విప్పనివ్వని చోట కొనకూడదు. ఆన్‌లైన్‌లో కొనేవారు వెనక్కి పంపే గడువు, సైజు పట్టికలో ఛాతీ, భుజం కొలతలు చూసి, ముందు ఒక్కటి తెప్పించుకుని సరిపోతే మిగతావి తెప్పించుకోవాలి.

కుట్టించుకునేవారికి కాలం కూడా ముఖ్యం. దసరా ముందు రైల్వే ఉద్యోగులకు బోనసు వస్తుంది. 2024, 2025 సంవత్సరాల్లో అది 78 రోజుల వేతనానికి లెక్కగట్టి గరిష్ఠంగా 17,951 రూపాయలు. ఆ వారంలో ఇలాంటి ఊళ్లో దర్జీకి ఊపిరాడదు, తొందర కుట్టులో తప్పులు దొర్లుతాయి. గుడ్డను శ్రావణంలోనే ఇచ్చేవారికి మంచి కుట్టు దొరుకుతుంది.

మామ: ఒక్కమాట అల్లుడూ. కొట్లో చీటీ మీది అంకెకి నోరెత్తకుండా డబ్బు కట్టి, దర్జీ దగ్గర మాత్రం యాభై రూపాయలు తగ్గించమని వాదిస్తారు. అది న్యాయం కాదు. కాలరు తిప్పడానికీ, కాజా తీయడానికీ పట్టే ఓపికకి ఆ కూలి తక్కువే. కూలి కోస్తే కుట్లు కోసుకుంటాడు.

అల్లుడు: అది ఒప్పుకోవలసిన మాటే మామయ్యా.

వాడకం, మరమ్మతు

అల్లుడు: ఎంత మంచి చొక్కా అయినా మన వాడకంతోనే పాడవుతుంది. మూడే ఉంటే మూడూ ఏడాదిలో అరుగుతాయి. ఆరు ఉంటే ఒక్కోదానికి వారానికి ఒకే ఉతుకు పడుతుంది.

మామ: బొత్తాలు విప్పి, తిరగేసి ఉతకాలి. కాలరు మురికికి బ్రష్షుతో గట్టిగా రుద్దకూడదు, సబ్బు రాసి కాసేపు నానబెట్టాలి. రంగు చొక్కా నీడలో ఆరేయాలి. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. చిక్కని గంజి పెడితే మడత దగ్గర పోగు విరుగుతుంది.

అల్లుడు: కాలరు అంచు అరిగితే పారేయడమేగా?

మామ: ఎందుకు పారేయాలి? కాలరు విప్పి తిరగేసి కుడితే లోపలి పక్క పైకి వస్తుంది. గుడ్డ బాగుంటే ఇంకో ఏడాది నిలుస్తుంది. పాత రోజుల్లో ప్రతి దర్జీ చేసేవాడు, ఇప్పటికీ అడిగితే చేస్తారు. కుట్టించిన చొక్కా అయితే మిగిలిన గుడ్డముక్కతో కొత్త కాలరే వేయించవచ్చు. అందుకే కోసిన ముక్కలు అడిగి తెచ్చుకోవాలి.

తీర్పు

కాలరు, భుజం సరిపోయేవారికి, వెంటనే కావలసినవారికి, సీజన్ చివర కొనే ఓపిక ఉన్నవారికి రెడీమేడ్ మంచిది. మెడకూ ఛాతీకీ పొంతన కుదరనివారు, పొట్ట ఉన్నవారు, చేతులు పొడుగైనవారు కుట్టించుకోవాలి. పేటలో నమ్మకమైన దర్జీ ఉంటే ఎవరికైనా కుట్టించుకోవడమే మేలు. ఆరు చొక్కాలు పెట్టుకునేవారు వేసవికి మూడు నూలువి కుట్టించుకుని, వానలకు మూడు మిశ్రమం గుడ్డవి తగ్గింపులో కొనుక్కుంటే రెండు మార్గాల లాభమూ దక్కుతుంది. ఏ దారిలో వెళ్లినా కొనేవారు చేయవలసిన పని ఒక్కటే: చీటీ మీది పేరూ ధరా చదివే ముందు గుడ్డ నలిపి చూడండి, చొక్కా తిరగేసి కుట్టు చూడండి, బిల్లు అడిగి తీసుకోండి.